రెండువేలు, జనవరి ఒకటి, పగలు పన్నెండు

హిమజ లాప్‌టాప్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లింది.
"ఫోటోలన్నీ ఇందులో పోసెయ్ నాన్నా,
ఏళ్ల వారీగా అదే పేరుస్తుంది."
పోశాను.
పాత కెమెరా కార్డులు నాలుగు,
కరెంటు బిల్లుల సొరుగులో దొరికిన పెన్‌డ్రైవు ఒకటి.
రాత్రంతా గిర్రున తిరిగి
తెల్లారేసరికి పేర్చి పెట్టింది:
మూడువేల నూట ఎనభై ఆరు ఫోటోలు,
అన్నిటికీ ఒకటే తారీఖు.

కెమెరాలో గడియారం ఎప్పుడో చచ్చిపోయింది.
తెరిచినప్పుడల్లా ఈ రోజేమిటని అడిగేది.
మేం ఓకే నొక్కేసి
నవ్వండి, నవ్వండి అనేవాళ్లం.

ఆ లెక్కన ఆ ఒక్క మధ్యాహ్నమే
మా పిల్ల పాకింది, పళ్లూడగొట్టుకుంది,
తొమ్మిదో తరగతి రెండు జడలు వేసుకుంది.
మా ఆవిడ మూడు కళ్లజోళ్లు మార్చింది.
నా నుదురు నడినెత్తి దాకా ఎక్కింది.
హుద్‌హుద్ కూడా ఆ మధ్యాహ్నమే వచ్చి పోయింది.

పోర్టులో ముప్పై ఏళ్లు టాలీ క్లర్కుని.
ఓడ దిగిన ప్రతి పెట్టెకీ నిలువు గీత,
అయిదోదానికి అడ్డగీత.
వచ్చింది, పగిలింది, రాలేదు:
మూడు గడుల్లో లోకాన్ని సర్దినవాణ్ని.
తారీఖు లేని సరుకు నన్ను నిద్రపోనివ్వదు.

అందుకని చెట్లను అడిగాను.
కైలాసగిరి పచ్చగా ఉంటే తుఫానుకి ముందు,
గొరిగిన గుండులా ఉంటే ఆ చలికాలం.
మా సందు మొగలో బాదం చెట్టా, బాదం మొద్దా?
ఎన్‌ఏడీ దగ్గర వంతెనకి కాళ్లొచ్చి
నడుం రాకపోతే అది పంతొమ్మిది.
పిల్లకి ముందుపన్ను ఉందా, లేదా?
సముద్రాన్ని మాత్రం అడగలేదు.
దానికి ఏ ఏడైనా అదే మొహం.

మధ్యమధ్య సాఫ్ట్‌వేర్ తన తెలివి చూపించేది.
మా తోడల్లుణ్ని, జగదాంబలో బట్టల షాపు బొమ్మని
పక్కపక్కన పెట్టి
"ఇద్దరూ ఒకరేనా?" అంది.
కాసేపు ఆలోచించి, కాదన్నాను.

ఒకటి మిగిలిపోయింది.
దాలినాయుడు.
మా మేడ మీంచి తీసింది, వంకరగా ఉంది,
హిమజ తీసి ఉంటుంది.
వెనక ఉత్త గోడ. చెట్టు పడలేదు.
చంకలో రంగుకాగితం చుట్టిన పొట్లం,
కుడిచేతికి ఇంత లావు కట్టు.
మొహం మా ఇంటివైపు,
కాళ్లు అటువైపు.

సోంపేటకి ఫోన్ చేశాను. నూకరత్నం ఎత్తింది.
"కట్టా? వించి తాడు తెగిన రోజు కదండీ,
పన్నెండు కుట్లు.
మీ పాప పుట్టిన్రోజు. ఆసుపత్రి నుంచి
సరాసరి మీ ఇంటికే ఒచ్చారు.
సొక్కా నిండా నెత్తురు, పిల్లలు జడుస్తారని
సందులోంచే తిరిగొచ్చీసారు.
మీకు సెప్పనేదా?"

చెప్పలేదు.
దెబ్బ తగిలిందని తర్వాత విన్నాను,
ఏ రోజు తగిలిందో నేనూ అడగలేదు.
పిలిస్తే రాలేదని పలకరింపు మానేశాను.
నాలుగు రోజులనుకున్న మౌనం మీదనే
ఇద్దరం రిటైరయ్యాం.

తారీఖు కొట్టాను.
రెండువేల పదమూడు, ఆగస్టు ఇరవై రెండు.
ఫోటో ఆ జనవరి కుప్పలోంచి లేచి
కేకు ముందు నిలబడ్డ హిమజ పక్కకి పోయి కూర్చుంది.
కేకు ఫోటోలో, కుడివైపు,
ఖాళీ కుర్చీ ఒకటి.
వాడి కోసం నేనే వేసింది.

రాలేదని గీత గీసిన పెట్టె
పన్నెండేళ్లుగా
నా గోడౌన్‌లోనే ఉంది.

"ఉండండి, లేచినట్టున్నారు, ఇస్తాను," అంటోంది నూకరత్నం.
చెప్పుల చప్పుడు.
దగ్గు.
ఏమనాలో వెతుక్కుంటుండగా
ఇటు హార్బర్‌లో ఓడ కూత పెట్టింది,
కిటికీ అద్దాలు కూడా అదిరాయి.

అటునుంచి కాసేపు ఏమీ లేదు.
తర్వాత,
"ఏ బెర్తుకొస్తందిరా అది?"